కోట ఒక పాఠంలో, బోనం ఇంకో పాఠంలో

(ఆషాఢమాసంలో గోల్కొండను చూడటం గురించి)

పోటీ పరీక్షలకు చదివే మిత్రులందరికీ తెలిసిన సంగతే. గోల్కొండ కోట మనకు మధ్యయుగ చరిత్ర పాఠంలో వస్తుంది. కాకతీయుల కాలపు మట్టికోట, తర్వాత బహమనీలు, 1518 నుంచి కుతుబ్ షాహీలు, 1687లో ఔరంగజేబు. నాలుగు వాక్యాలు, రెండు బిట్లు. బోనాలు మాత్రం అక్కడ ఉండవు. అవి 'పండుగలు, జాతరలు' అనే పాఠంలో, బతుకమ్మకూ సమ్మక్క సారలమ్మ జాతరకూ మధ్యన ఎక్కడో ఉంటాయి. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించారన్నది అక్కడి బిట్టు. పుస్తకంలో ఈ రెండింటికీ మధ్య వందల పేజీల దూరం. కాని ప్రతి ఆషాఢంలో మొదటి బోనం ఎక్కేది ఆ కోట మెట్లే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చారిత్రక నగరాన్ని మామూలు రోజున చూస్తే రాజులు కనిపిస్తారు. పండుగ రోజున చూస్తే దాన్ని మోసిన వాళ్ళు, మోస్తున్న వాళ్ళు కనిపిస్తారు. చరిత్ర చదివేవాళ్ళకు రెండూ కావాలి. మన హాస్టళ్ళ విహారయాత్రలు మాత్రం ఎక్కువగా డిసెంబరు, జనవరిలోనే పెడతారు కాబట్టి మనకు మొదటిదే దొరుకుతుంది. నేను టెన్త్ లో ఉండగా అలాగే వెళ్ళాను. చప్పట్లు కొట్టాము, పులిహోర పొట్లాలు తిన్నాము, ఫొటో దిగి వచ్చేశాము.

మామూలు రోజున

చప్పట్ల సంగతి చిన్నది కాదు, ముందు అదే చెబుతాను. బాలాహిస్సార్ దర్వాజా లోపలి కమాను కింద నిలబడి చప్పట్లు కొడితే కొండపైన వినిపిస్తుంది. గైడ్లు దీన్ని వింతగా చూపిస్తారు. కాని అది వింత కోసం కట్టినది కాదు, కబురు కోసం కట్టినది. కింద ఎవరు వచ్చారో పైన కాపలా ఉన్నవాళ్ళకు తెలియాలి. ఫోను లేని కాలంలో కమాను వంపే ఫోను.

నీళ్ళ ఏర్పాటు అంతకంటే గొప్పది. అయినా అక్కడ ఆగి చూసేవాళ్ళు తక్కువ. కొండ మీదికి నీళ్ళు ఒక్కసారిగా ఎక్కవు. అందుకని మెట్టు మెట్టుగా తొట్లు కట్టారు. ఒక్కో తొట్టి నుంచి పై తొట్టికి కుండలు కట్టిన చక్రాలతో తోడి పోసేవారు. అక్కడి నుంచి మట్టి గొట్టాల ద్వారా మహళ్ళకు, తోటలకు పారించారు. గోడల్లో ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్ళు వాటిని తప్పకుండా చూడాలి.

బయటి గోడ చుట్టుకొలత దాదాపు 10 కిలోమీటర్లు. 87 బురుజులు, 8 దర్వాజాలు. ఔరంగజేబు సైన్యం 1687లో దాదాపు ఎనిమిది నెలలు ముట్టడి వేసినా ఆ గోడ లొంగలేదు. చివరికి లోపలి మనిషి ఒకడు లంచానికి లొంగి తలుపు తీశాడు. దానికి ముందు ఏడాదే, 1686లో, తానాషా మంత్రులైన అక్కన్న, మాదన్నలను చంపేశారు. వారి మేనల్లుడైన కంచర్ల గోపన్నను, అంటే మన రామదాసును, పెట్టిన బందిఖానా ఇదేనంటూ గైడ్లు ఒక పెద్ద గదిని చూపిస్తారు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే కనుక ఇంతటితో వదిలేస్తున్నాను.

మొదటి గురువారమో, ఆదివారమో

ఆషాఢం వచ్చిన తర్వాత మొదటి గురువారం గాని ఆదివారం గాని గోల్కొండలో బోనాలు మొదలవుతాయి. ఆ నెలంతా గురు, ఆదివారాల్లో కొండపైన జగదాంబ మహంకాళికి పూజలు జరుగుతాయి. గోల్కొండలో మొదలైన తర్వాతే సికింద్రాబాద్ లష్కర్ బోనాలు, ఆ తర్వాత పాతబస్తీ లాల్ దర్వాజా బోనాలు. వరుస ఎప్పుడూ ఇదే. ఆఖరి పూజ మళ్ళీ గోల్కొండలోనే. రాజధాని కోట వదిలి 1591లో చార్మినారు దగ్గరికి పోయింది. రాజులు పోయారు, నిజాములు వచ్చి పోయారు. పండుగ వరుసలో మాత్రం గోల్కొండ ఇంకా మొదటి స్థానంలోనే ఉంది. ఇది నాకు చాలా ముఖ్యమైన చారిత్రక ఆధారంగా కనిపిస్తుంది. శాసనం రాతి మీద మాత్రమే ఉండనక్కర్లేదు.

ఊరేగింపు లంగర్ హౌస్ చౌరస్తా నుంచి బయలుదేరి, ఛోటా బజార్, బడా బజార్ మీదుగా కోటకు వస్తుంది. రంగు కాగితాలు, వెదురు పుల్లలతో కట్టిన తొట్టెలు ముందు కదులుతాయి. ఒళ్ళంతా పసుపు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడాతో పోతరాజులు. వెనక డప్పులు. ఆ వెనక తలల మీద బోనాలతో ఆడవాళ్ళు.

బోనం అంటే భోజనం. కొత్త కుండలోనో, ఇత్తడి బిందెలోనో పాలు, బెల్లం వేసి వండిన అన్నం. కుండకు పసుపు కుంకుమ, చుట్టూ వేపమండలు, పైన దీపం. నగలూ నాణేలూ కాదు, అమ్మవారికి తీసుకుపోయేది వండిన అన్నం. 'వేపాకు క్రిమిసంహారకం, వానాకాలం రోగాలు రాకుండా పెద్దలు పెట్టిన సైన్సు' అని ఈ మధ్య అందరూ చెబుతున్నారు. అది సగం నిజమే. కాని వేపాకు ఒక్కదాని కోసమే అయితే ఇంటి ముందు కట్టుకుంటే చాలు. ఎండలోనో వానలోనో మూడు వందలకు పైగా మెట్లు తలమీద కుండతో ఎక్కనక్కర్లేదు. భయం ఉంది కాబట్టి ఎక్కారు. రోగం వస్తే డాక్టరు లేని ఇళ్ళ భయం అది.

లష్కర్ బోనాల కథ ఇందుకు సాక్ష్యం. 1813లో జంటనగరాల్లో మహమ్మారి వచ్చి వేలమంది చనిపోయారని చెబుతారు. అప్పుడు ఉజ్జయినిలో ఉన్న పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. తిరిగి వచ్చాక 1815లో సికింద్రాబాద్ లో కొయ్య విగ్రహం నిలబెట్టాడు. ఈ రోజు మంత్రులు పట్టువస్త్రాలు పట్టుకుని వచ్చే గుడికి మొదటి మనిషి ఒక డోలీ బోయీ. ఈ విషయం బిట్లలో అడగరు. నేను ప్రశ్నపత్రం తయారుచేసేవాడినైతే మొదట అదే అడుగుతాను.

మా అమ్మ అడిగిన ప్రశ్న

మొన్న పీజీ రెండో సంవత్సరంలో ఉండగా మా అమ్మను మొదటి ఆదివారం గోల్కొండకు తీసుకుపోయాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదటివాణ్ణి. అమ్మకు అక్షరాలు రావు. ఆ ఏడాది నేను కుతుబ్ షాహీల పాలనపై సెమినార్ పేపరు సమర్పించాను కాబట్టి దారి పొడవునా అమ్మకు పాఠం చెబుతూనే ఉన్నాను. ఆమె అన్నిటికీ ఊకొట్టింది. సగం మెట్ల దగ్గర కూర్చుని గోడను చెయ్యితో తడిమి చూసింది.

"ఈ బండలు మీదికి ఎట్ల తెచ్చిన్రు బిడ్డా?" అని అడిగింది.

"ఏనుగులతోటి తెచ్చి ఉంటరు."

"ఏనుగు ఈ మెట్లెక్కుతదా?"

నా పేపరులో రెవెన్యూ విధానం ఉంది, పారశీక భాషా సాహిత్యం ఉంది, వజ్రాల వ్యాపారం ఉంది. బండలు మోసిన మనిషి లేడు. అమ్మ ఇరవై ఏళ్ళు తాపీ మేస్త్రీల దగ్గర తట్టలు మోసింది. ఆమెకు మొదట వచ్చే ప్రశ్న అదే. కొంచెంసేపు చూసి తనే చెప్పింది: "బండ ఇక్కడిదే. ఈ గుట్టదే. మీదికి తేలే, మీదనే కొట్టిన్రు."

తర్వాత చూస్తే అమ్మ మాట సరైనదే. కోట నిలబడింది నల్లరాతి గుట్ట మీద. దాని గోడలు కూడా ఆ రాతివే. బండకు వరుసగా గుంతలు తొలిచి, ఉలి దించి, నిలువునా చీల్చడం మన వైపు వడ్డెర వాళ్ళకు తరతరాలుగా తెలిసిన పని. ఆ పనివాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ ఉండవు. కాని మామూలు రోజున కోటకు వచ్చే సందర్శకులలో అమ్మలాంటి వాళ్ళు ఎంతమంది ఉంటారు? పండుగ రోజున ఆ మెట్ల మీద నిండా వాళ్ళే. పుస్తకంలో లేని ప్రశ్నలు ఆ రోజు వినిపిస్తాయి.

ఫ్రెంచి వాడు చూసిన గోల్కొండ

ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే నాకు సాయపడింది ఒక పరాయి దేశస్థుడు. టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి చాలాసార్లు వచ్చాడు. తన ప్రయాణాల పుస్తకం 1676లో అచ్చువేశాడు. ఇక్కడ కొన్న పెద్ద నీలి వజ్రాన్ని తన దేశపు రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. అమెరికా మ్యూజియంలో ఇప్పుడున్న 'హోప్' వజ్రం ఆ రాయి నుంచి కోసినదేనంటారు. ఇది అందరూ చెప్పే కథ.

అదే పుస్తకంలో ఇంకొకటి ఉంది. కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలు కలిసి దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. వేరొక గని దగ్గర, ఎంతో నేర్పు ఉన్న పనివాళ్ళకు కూడా ఏడాదికి దొరికేది మూడు వరహాలేనని రాశాడు. లెక్క వ్యాపారిది. జాలితో రాసినది కాదు, ఖర్చు తెలియడానికి రాసినది. అయినా మన వాళ్ళ కూలి ఎంతో నమోదు చేసినవాడు అతనే. గోల్కొండ వజ్రం అని ఎక్కడ చదివినా ఆ 60,000 మందిలోని పిల్లలను ఒకసారి తలచుకోండి. ఆ వయసులో మనకు హాస్టల్ గంట మోగింది.

అవిన్యో ఊరి సంగతి

ఫ్రాన్సు మాట వచ్చింది కనుక అక్కడి ఒక ఊరి గురించి కూడా చెప్పాలి. దక్షిణ ఫ్రాన్సులో రోన్ నది ఒడ్డున అవిన్యో అనే పాత నగరం ఉంది. రాతలో అవిగ్నాన్ లా కనిపిస్తుంది. నేను చూడలేదు, పీజీలో యూరప్ చరిత్ర పేపరుకు చదివాను. చదువుతుంటే నాకు గోల్కొండే గుర్తుకొచ్చింది. ఊరి చుట్టూ 4 కిలోమీటర్లకు పైగా రాతిగోడ. మధ్యలో పెద్ద కోటలాంటి మహలు. 1309 నుంచి 1377 వరకు క్రైస్తవ మతగురువైన పోపు రోములో కాక ఈ ఊరిలో ఉన్నాడు. ఏడుగురు పోపులు వరుసగా ఇక్కడే. వాళ్ళు పోయాక మహలు వెలవెలబోయింది. ఒక దశలో సిపాయిల బ్యారకులుగా కూడా మారింది. పాలకులు పోయిన తర్వాత కోటకు ఎక్కడైనా ఇదే గతి.

దానికి మళ్ళీ ప్రాణం వచ్చింది నాటకాలతో. 1947లో జాన్ విలార్ అనే నాటక దర్శకుడు ఆ మహలు పెద్ద వాకిలిలో నాటకాలు వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి రెండేళ్ళే. ఇళ్ళు కూలిపోయి ఉన్నాయి, తిండికి కొరత. అప్పుడు నాటకాలేమిటని ఎవరైనా అడగవచ్చు. విలార్ అభిప్రాయం వేరు. నీళ్ళు, గ్యాసు, కరెంటు ఎలా అందరికీ అందాలో నాటకమూ అలాగే అందాలన్నాడు. డబ్బున్నవాళ్ళ హాలులోంచి నాటకాన్ని ఆరుబయటికి తెచ్చాడు. మరుసటి ఏడాది నుంచి అది జూలైలో స్థిరపడింది. ఇప్పుడు ప్రతి జూలైలో మూడు వారాలు ఆ ఊరు ఊరంతా రంగస్థలమే. గోడలకు, స్తంభాలకు పోస్టర్లు కడతారు. నటులు వేషాలతోనే వీధుల్లో తిరుగుతూ తమ నాటకానికి రమ్మని పిలుస్తారు. జూలై అంటే మనకు ఆషాఢం. ఇక్కడ పోతరాజు గజ్జె కట్టే రోజుల్లోనే అక్కడ వాళ్ళు రంగు పూసుకుంటారన్నమాట.

1985లో ఆ ఉత్సవంలో పీటర్ బ్రూక్ అనే దర్శకుడు మహాభారతం ఆడించాడు. ఊరికి దగ్గరలోని ఒక రాతి క్వారీలో, దాదాపు తొమ్మిది గంటల నాటకం. రాత్రి మొదలుపెట్టి తెల్లవారేదాకా కూడా ఆడారు. ద్రౌపదిగా మన దేశపు మల్లికా సారాభాయి నటించింది. ప్రపంచం ఆశ్చర్యపోయిందని రాశారు. మన పల్లెల్లో పుట్టినవాళ్ళకు తెల్లవార్లు భాగవతం ఆశ్చర్యం కాదు. చిందు కళాకారులు ఊరి నడిబొడ్డున తరతరాలుగా చేసిన పని అదే. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా ఆ విద్యకే జీవితం అంకితం చేసింది. మగవేషాలూ కట్టింది. బ్రూక్ గురించి నేను పుస్తకంలో చదివాను. ఎల్లమ్మ గురించి మా తాత చెబితే విన్నాను. ఇక్కడ కూడా రెండు వేరు వేరు పాఠాలే.

కూలి మాట

అవిన్యో గురించి ఇంకొక విషయం చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. 2003లో ఆ ఉత్సవం జరగలేదు. ఫ్రాన్సులో నాటకాలు, సినిమాలలో పనిచేసే కళాకారులకు, తెరవెనక పనివాళ్ళకు పని లేని రోజుల్లో భృతి ఇచ్చే పద్ధతి ఉంది. ఆ ఏడాది దాని నిబంధనలు మార్చి బిగించబోతే కళాకారులు సమ్మె చేశారు. ఉత్సవమే రద్దయింది. మేము లేకుండా మీ పండుగ లేదని వాళ్ళు చెప్పగలిగారు.

మన డప్పు కళాకారులు ఆ మాట చెప్పగలరా? లంగర్ హౌస్ చౌరస్తాలో ఊరేగింపు కోసం నిలబడ్డ ఒక జట్టుతో మాట్లాడాను. మా తాత కూడా డప్పు కొట్టేవాడు, చావుకూ కొట్టేవాడు, జాతరకూ కొట్టేవాడు. మా నాయన దాన్ని అటక మీద పెట్టేశాడు. చదువుకునే కొడుక్కు ఆ చప్పుడు వినపడొద్దని అనుకున్నాడు. అందుకే వాళ్ళను చూస్తే నాకు ఊరకే ఉండబుద్ధి కాలేదు. వాళ్ళలో డిగ్రీ చదివే కుర్రవాడు ఒకడున్నాడు. కూలి ఎంత అని అడిగితే, "పూటకు మాట్లాడుకుంటమన్నా, పిలిచినోళ్ళను బట్టి ఉంటది" అన్నాడు. ఆషాఢం, శ్రావణం దాటితే? "మళ్ళ గణేశ్ నిమజ్జనం." ఆ తర్వాత? నవ్వాడు. తోలు డప్పు ఎండకు బాగా మోగుతుంది, వానకు మెత్తబడుతుంది. అందుకే ఇప్పుడు చాలామంది ప్లాస్టిక్ పొర బిగించినవి వాడుతున్నారు. చితుకుల మంట మీద కాచి, వేలితో కొట్టి చూసి, శ్రుతి కుదిరిందో లేదో చెప్పే విద్య మా తాతతోనే పోయింది, కనీసం మా ఇంట్లో.

పండుగలో అన్నీ మెచ్చుకోదగ్గవే అని నేను అనను. అమ్మవారి పేరున ఆడపిల్లలను జోగినులుగా విడిచే ఆచారం మన ప్రాంతాల్లో ఉండేది. విడిచింది ఎక్కువగా మన ఇళ్ళ పిల్లలనే. 1988లో చట్టం చేసి నిషేధించారు. చట్టం వచ్చిన ఊళ్ళన్నిటిలో ఆచారం వెంటనే పోలేదు. బోనం మన సంస్కృతి అని గర్వంగా రాసే వ్యాసాల్లో ఈ పేరా ఉండదు. ఉండాలని నా అభిప్రాయం. మన తాతల డప్పును గౌరవించడమూ, మన చెల్లెళ్ళను కాపాడుకోవడమూ రెండూ మన పనే.

మెదక్ నుంచి

మన ఊరి పేరే మెతుకు. మెతుకు దుర్గం, మెతుకు సీమ అనే పాత పేర్లు మీకు తెలుసు. మన కోట కూడా కాకతీయుల నాటిదే, తర్వాత గోల్కొండ సుల్తానుల చేతికి వచ్చింది. పైన వాళ్ళ కాలపు మసీదు, ధాన్యపు కొట్టాలు, పెద్ద ఫిరంగి ఉన్నాయి. సింహద్వారం, గజద్వారం దాటి హాస్టల్ పిల్లలందరమూ ఎక్కినవాళ్ళమే. కిందికి చూస్తే చర్చి శిఖరం కనిపిస్తుంది. ఫాదర్ పోస్నెట్ కరువు రోజుల్లో ఆ చర్చి పని పెట్టించి, జనానికి కూలి, తిండి దొరికేలా చేశాడని పెద్దలు చెబుతారు. పదేళ్ళు కట్టి, 1924 డిసెంబరు 25న ప్రారంభించారు. 175 అడుగుల శిఖరం. దాన్ని కూడా క్రిస్మస్ రోజున ఒకసారి, ఖాళీగా ఉన్న రోజున ఒకసారి చూడండి. ఏడుపాయలను శివరాత్రి జాతరలో ఒకసారి, మంజీర ఎండిన రోజుల్లో ఒకసారి చూడండి. రెండు నోట్సులు రాసి పక్కపక్కన పెట్టుకుంటే ఏది ఎక్కడ లేదో తెలుస్తుంది. ఎం.ఏ.లో ప్రాజెక్టు పనికి కూడా ఇది పనికొస్తుంది.

గోల్కొండకు వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. 2022 నుంచి మెదక్ కు రైలు ఉంది, కాచిగూడ దాకా పోవచ్చు. బస్సులో అయితే నర్సాపూర్ మీదుగా పోయి, మెహదీపట్నం చేరుకుని అక్కడి నుంచి సిటీ బస్సు పట్టండి. మొదటి రోజు కాకుండా మూడో నాలుగో పూజ రోజున పొండి. మొదటి రోజు వీఐపీల హడావిడిలో బారికేడ్లు తప్ప ఏమీ కనిపించదు. పొద్దున్నే ఛోటా బజార్ లో దిగి నడవండి. అక్కడి ఇళ్ళు, మసీదులు, చాయ్ హోటళ్ళు అన్నీ కోట లోపలివే. కోట అంటే కొండ ఒక్కటే కాదని అక్కడ తెలుస్తుంది. నేను పోయిన రోజు ఒక చాయ్ హోటలు ఆయన ఊరేగింపుకు దారి కోసం తన బల్లలు తనే లోపలికి జరుపుకుని, అమ్మకు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. పైన మహంకాళి గుడి దగ్గర నిలబడితే కొంచెం దిగువన కుతుబ్ షాహీల మసీదు కనిపిస్తుంది. రెండూ ఒకే బండల మీద ఉన్నాయి.

నోటుబుక్కు, పెన్ను, నీళ్ళ సీసా చాలు. మెట్లు వానకు జారుతాయి. బోనం ఎత్తుకున్నవాళ్ళకు లోపలి వైపు దారి వదిలి, గోడవైపు కాక అంచువైపు మీరు నడవండి. దిగేటప్పుడు ఒకచోట ఆగి ఎవరినైనా ఏ ఊరు, ఏం పని, ఎన్నేళ్ళుగా వస్తున్నారు అని అడిగి రాసుకోండి. మా అమ్మ పక్కన కూర్చున్నామె శంకర్ పల్లి దగ్గరి నుంచి వచ్చింది. ఇటుక బట్టీలో పని. పెళ్ళైనప్పటి నుంచి ఒక్క ఏడాదీ తప్పలేదట. కోట కట్టించిన రాజు పేరు అడిగితే ఆమె నవ్వి, "రాజు పేరు నాకెందుకు సారూ, అమ్మ పేరు తెల్సు" అంది. అది కూడా రాసుకున్నాను.

— పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (చరిత్ర)